మేకు లేదు, ముల్లు లేదు, గాలి మాత్రం దిగిపోతోంది

తూత్తుకుడి జిల్లా తేరి ఎర్ర ఇసుక దిబ్బల మీద ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) తోలి చెన్నై తిరిగొచ్చాక, ముందు ఎడమ టైరులో రోజూ కొంచెం కొంచెం గాలి దిగడం మొదలైంది. టైరంతా తడిమినా ఏమీ దొరకలేదు.

మాధవరంలో పంక్చర్ షాపాయన మన నెల్లూరు మనిషే. సబ్బు నీళ్లు నేరుగా రిమ్ అంచు చుట్టూ పోశాడు. వాల్వ్‌కి ఎదురు వైపు సన్నటి బుడగలు వరసగా లేచాయి.

"ఇసుకలో గాలి తగ్గించి తోలారా సార్?" అన్నాడు.

తగ్గించాం, 18 పీఎస్ఐకి. తగ్గించకపోతే అక్కడ బండి కూరుకుపోతుంది. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని, బరువు ఎక్కువ చోట పడుతుంది. కాకపోతే ఆ మెత్తటి టైరుతో గట్టిగా మలుపు తిప్పితే టైరు అంచు రిమ్‌ని కాస్త వదిలి, ఆ సందులో ఇసుక దూరుతుంది.

ఆ ట్యూబ్‌లెస్ టైరుకి ట్యూబ్ వేయించేద్దామని మా బావ ఒకటే గొడవ. అవసరమే లేదు. అంచు ఊడదీయించి, అతుక్కున్న ఎర్ర ఇసుకని నైలాన్ బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిపించాను. సబ్బు నీళ్లు రాసి గాలి కొడితే 'ఠప్'మని కూర్చుంది. బ్యాలెన్సింగ్ కూడా అప్పుడే చేయించాను. మళ్లీ గాలి దిగలేదు.