మొదటి ఉద్యోగానికి వెళ్లేముందు ఒక్క వారం ఇలా చేయండి

డిగ్రీ అయి వైజాగ్‌లో మొదటి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ద్వారకానగర్‌లో వేలు పోసి కంప్యూటర్ కోర్సులో చేరేముందు ఇది చూడండి. మా తమ్ముడు గాజువాకలో ఒక ఆఫీసుకి డేటా ఎంట్రీ ఇంటర్వ్యూకి వెళ్తే, ప్రశ్నలేమీ అడక్కుండా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక షీట్ ఇచ్చి టోటల్ వేసి మెయిల్ చేయమన్నారు. ఫోన్‌లో అన్నీ చకచకా చేసేస్తాడు, అక్కడ మాత్రం ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో వెతుక్కునేసరికే టైమ్ అయిపోయింది.

అందుకే ఫోన్ పక్కన పెట్టి, నెట్ సెంటర్‌లోనైనా సరే రోజూ ఒక గంట కంప్యూటర్ మీదే చేయండి. ఇంటి కిరాణా లెక్క ఎక్సెల్‌లో ఎక్కించండి. అంకెల కింద ఖాళీ గడిలో ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ గుర్తు నొక్కి ఎంటర్ కొడితే టోటల్ వచ్చేస్తుంది, కంట్రోల్ షిఫ్ట్ ఎల్ కొడితే ఫిల్టర్, అంటే కావాల్సిన వరసలు మాత్రమే చూసుకునే వీలు, వస్తుంది. తర్వాత ఆ ఫైల్‌ని మీ పేరుతో సేవ్ చేసి, సబ్జెక్ట్ రాసి, అటాచ్ చేసి మీకు మీరే మెయిల్ పంపుకోండి.

ఇంకొకటి, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, లేకపోతే చేరాక పీఎఫ్ దగ్గర ఇబ్బంది.