కొత్తది కొనకముందే మీ కంప్యూటర్‌ను కంటికీ చేతికీ నప్పేలా సరిచేసుకోవడం ఎలా?

కంప్యూటర్‌ను పెట్టెలోంచి బయటికి తీసిన రోజు ఏ సెట్టింగ్స్ ఉన్నాయో, చాలామంది ఏళ్ల తరబడి వాటితోనే నెట్టుకొస్తుంటారు. మౌస్ అనుకున్న చోట ఆగదు, అక్షరాలు మసకగా కనిపిస్తాయి, గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. అయినా సర్దుకుపోతారు, లేదంటే విసుగొచ్చి కొత్తది కొనేస్తారు. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. రోజంతా చేతిలో ఉండే వస్తువు చెప్పినట్టు వినాలి. ఎంత చిన్న చికాకైనా దాని కారణం వెతికి పట్టుకోవాలి. ఆ కారణం చాలాసార్లు సెట్టింగ్స్‌లోనో, కేబుల్‌లోనో దొరుకుతుంది. డబ్బు ఖర్చుపెట్టాల్సిన అవసరమే రాదు.

ఇక్కడ చెప్పే మెనూల పేర్లు విండోస్ 11వి. వేరే సిస్టమ్ అయితే పేర్లు మారొచ్చు కానీ వరస మాత్రం ఇదే: ముందు కన్ను, తర్వాత చేయి, మిగతావన్నీ ఆ తర్వాతే.

1. స్క్రీన్‌ను దాని పూర్తి వేగంతో నడపండి

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లండి. అక్కడ రిఫ్రెష్ రేట్ (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందనే లెక్క, హెర్ట్జ్‌లో ఉంటుంది) ఎంతుందో చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కుని కూడా 60 దగ్గరే వాడుతున్నవాళ్లు తక్కువేం కాదు, ఎందుకంటే విండోస్ చాలాసార్లు తనంతట తాను 60కే పెడుతుంది. 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేమ్, అంటే ఒక్కో బొమ్మ, స్క్రీన్ మీద 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144 దగ్గర 7 మిల్లీసెకన్ల లోపే. తేడా తెలియడానికి గేమ్ ఆడక్కర్లేదు. మార్చిన వెంటనే మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పి చూడండి, ఒక పెద్ద పేజీని పైకీ కిందికీ జరపండి. కదులుతున్నప్పుడు కూడా అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి.

ఆ లిస్టులో పెద్ద అంకె కనిపించకపోతే మానిటర్‌ను అనుమానించేముందు కేబుల్ చూడండి. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 పోర్టు 4కె స్క్రీన్‌ను 30 హెర్ట్జ్‌కు మించి నడపలేదు. 2.0 అయితే 60 వరకు, 2.1 అయితే 120కీ, అంతకు పైకీ వెళ్తుంది. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎమ్‌ఐ లాంటిదే మరో రకం పోర్టు) ఉంటే నేను దానికే ఓటేస్తాను.

డెస్క్‌టాప్ అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. కేబుల్ రెండో కొస వెనకవైపు ఎక్కడికి వెళ్లిందో కళ్లారా చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉన్న పోర్టు మదర్‌బోర్డ్‌ది. దానికి కాస్త కింద అడ్డంగా పరుచుకున్న పోర్టులు గ్రాఫిక్స్ కార్డ్‌వి, అంటే గేమ్‌ల బొమ్మలు గీసే భాగానివి. కేబుల్ పైదానికి పెట్టి ఉంటే, అంత ఖరీదు పెట్టి కొన్న కార్డ్ పనితనం పూర్తిగా మీకు అందనట్టే.

తర్వాత రిజల్యూషన్. "రెకమెండెడ్" అని పక్కన రాసి ఉన్నదే ఎంచుకోండి, అది ప్యానెల్ అసలు కొలత. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించడం నాకు అస్సలు నచ్చని పని, దాంతో ప్రతి అక్షరం అంచూ అలుక్కుపోతుంది. అక్షరాలు పెద్దవి కావాలంటే కిందే ఉన్న స్కేల్‌ను 125 లేదా 150 శాతానికి పెంచండి. ఇంకా మసకగా అనిపిస్తే స్టార్ట్ మెనూలో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపించే నమూనాల్లో మీ కంటికి బాగున్నవి ఎంచుకోండి.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్లు టీవీలోనే గేమ్ మోడ్ ఆన్ చేయాలి. మోషన్ స్మూతింగ్ అనో, ఆ కంపెనీ పెట్టుకున్న మరో పేరుతోనో ఉండే సౌకర్యాన్ని ఆపేయాలి. అది ఫ్రేమ్‌ల మధ్య లేని ఫ్రేమ్‌లు పుట్టించి అతికిస్తుంది. అందుకు టీవీకి కొంత సమయం పడుతుంది, ఆ ఆలస్యమంతా మీ చేతికి తెలుస్తుంది. టాస్క్‌బార్ అంచులు స్క్రీన్ బయటికి పోయినట్టు కనిపిస్తే అది ఓవర్‌స్కాన్. దాన్ని కూడా టీవీ మెనూలోనే ఆపాలి.

2. మౌస్, కీబోర్డ్: ఇక్కడ రాజీ పడకండి

విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే ఆప్షన్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. పేరు చూసి మంచిదే అనుకుంటాం. అది చేసే పని మాత్రం వేరు: చేయి ఎంత దూరం కదిలిందన్నదే కాకుండా, ఎంత వేగంగా కదిలిందన్నదాన్ని బట్టి కూడా బాణం ప్రయాణించే దూరాన్ని మారుస్తుంది.

దీన్ని మీరే పరీక్షించండి. మౌస్‌ప్యాడ్ ఎడమ అంచున మౌస్ పెట్టి, బాణం స్క్రీన్ మీద ఏ ఐకాన్ దగ్గరుందో గుర్తుపెట్టుకోండి. మెల్లగా ఒక జానెడు కుడికి జరపండి. ఇప్పుడు అదే జానెడు దూరం విసురుగా వెనక్కి లాగండి. మౌస్ బయల్దేరిన చోటికే వచ్చింది కానీ బాణం ఆ ఐకాన్‌ను దాటి ఎక్కడికో పోతుంది. చేతికి దూరం అలవాటు కాకుండా అడ్డుపడేది ఇదే. మౌస్ సెట్టింగ్స్‌లో దీన్ని ఆఫ్ చేయండి. మొదట్లో మౌస్ మొద్దుబారినట్టు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి, చేయి దారికొస్తుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మాత్రమే వాడేవాళ్లు దీని జోలికి వెళ్లక్కర్లేదు.

డీపీఐ (మౌస్ అంగుళం కదిలితే బాణం ఎంత దూరం పోవాలో చెప్పే అంకె) విషయంలో పెట్టె మీద వేలకు వేలు రాసి అమ్ముతారు. అది అమ్మకపు మాట అని నా గట్టి అభిప్రాయం. 800 దగ్గర మొదలుపెట్టి, గేమ్ లోపలి సెన్సిటివిటీతో మిగతాది సరిచేసుకుంటే చాలు. గేమ్‌లో "రా ఇన్‌పుట్" (విండోస్ మార్పులేవీ లేకుండా మౌస్ కదలికను నేరుగా తీసుకోవడం) అని ఉంటే తప్పకుండా ఆన్ చేయండి.

వైర్‌లెస్ మౌస్ అప్పుడప్పుడు తడబడుతుంటే బ్యాటరీ మార్చేముందు దాని రిసీవర్ ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్‌డిస్క్‌లు పుట్టించే రేడియో అలజడి సరిగ్గా ఈ రిసీవర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరికే వస్తుంది. రిసీవర్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌస్‌కు దగ్గరగా తెచ్చుకోండి.

కీబోర్డ్‌లో ముందు స్టికీ కీస్ (షిఫ్ట్ లాంటి కీలను నొక్కిపట్టే పని లేకుండా ఒక్కొక్కటిగా నొక్కనిచ్చేది) షార్ట్‌కట్ తీసేయండి. షిఫ్ట్‌ను ఐదుసార్లు నొక్కితే ఒక పెట్టె ఎగిరొచ్చి గేమ్‌ను వెనక్కి నెట్టేస్తుంది. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ (పొరపాటున పడే చిన్న నొక్కులను పట్టించుకోనిది) వస్తుంది. నిజంగా ఇవి అవసరమైనవాళ్లకు చాలా విలువైన సౌకర్యాలు, అందుకే ఎక్కడున్నాయో తెలిసుండాలి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్లి షార్ట్‌కట్ వరకే ఆపండి. ఆ తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్‌లూ ఒకేసారి నొక్కిపట్టి ఎ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలన్నీ టైప్ చేయండి. చవక కీబోర్డ్‌లలో కొన్ని అక్షరాలు అసలు పడవు. గేమ్‌లో పరిగెడుతూ పక్కకు దూకబోతే మనిషి కదలకుండా నిలబడిపోవడానికి ఇలాంటి లోపమే కారణం కావచ్చు. దీనికి సెట్టింగ్ లేదు. ఈ మొత్తం లిస్టులో కొత్తది కొనమని నేను నిస్సంకోచంగా చెప్పేది కీబోర్డ్ ఒక్కటే.

3. హెడ్‌సెట్

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట బ్రహ్మాండంగా వినిపించి, కాల్ మొదలవగానే పాత టెలిఫోన్‌లా మారిపోతే అది పాడైనట్టు కాదు. మైక్ వాడటం మొదలవగానే బ్లూటూత్ మామూలు ఆడియో పద్ధతి వదిలేసి, కాల్స్ కోసం ఉన్న తక్కువ నాణ్యత పద్ధతికి మారుతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ మైక్‌నో, వేరే యూఎస్‌బీ మైక్‌నో ఎంచుకుంటే నాణ్యత తిరిగొస్తుంది. పోటీ గేమ్‌లకైతే వైరున్న హెడ్‌ఫోన్సే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, అడుగుల చప్పుడు వినపడేసరికి ఎదుటివాడు వచ్చేసి ఉంటాడు.

4. ర్యామ్ సరైన వేగంతో నడుస్తోందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి స్పీడ్ చూడండి. 6000 అని రాసి అమ్మిన డీడీఆర్5 ర్యామ్ అక్కడ 4800 అని చూపిస్తుంటే, దాని ప్రొఫైల్, అంటే పెట్టె మీది వేగాన్ని ఇచ్చే సెట్టింగ్, ఆన్ చేయలేదన్నమాట. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ఆ ప్రొఫైల్‌ను ఆన్ చేయాలి. ఆ తర్వాత సిస్టమ్ అస్థిరంగా అనిపిస్తే టెన్షన్ పడకుండా దాన్ని మళ్లీ ఆఫ్ చేయండి. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డ్‌లో రెండు ర్యామ్‌లే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టమని సాధారణంగా మాన్యువల్ చెబుతుంది. ఒకసారి చూసి నిర్ధారించుకోండి.

5. గేమ్ తెరవగానే ముందు సెట్టింగ్స్‌కే వెళ్లండి

కథ మొదలుపెట్టకముందే నేను ఆపేసేవి: మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబెరేషన్. ఇవి కెమెరా లోపాలను అనుకరించేవి. సినిమాలో కెమెరా ఉంటుంది కాబట్టి అక్కడ వాటికో అర్థం ఉంది. గేమ్‌లో మీరు ఒక మనిషి కళ్లతో చూస్తున్నారు. ఆ కళ్లకు అంచుల్లో ఎరుపు, నీలం గీతలెందుకు? కార్డ్ అంత కష్టపడి గీసిన బొమ్మను చివర్లో అలికేయడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

ఆడుతుంటే తల తిరుగుతున్నా, కడుపులో వికారంగా ఉన్నా ఫీల్డ్ ఆఫ్ వ్యూ (గేమ్‌లో ఎంత వెడల్పు దృశ్యం కనిపించాలో చెప్పే అంకె, డిగ్రీల్లో) చూడండి. సోఫాలో కూర్చుని దూరంగా ఉన్న టీవీలో ఆడేందుకు తయారైన గేమ్‌లలో ఇది తక్కువగా ఉంటుంది. మానిటర్ ముందు దగ్గరగా కూర్చునేవాళ్లు 90 దగ్గర మొదలుపెట్టి కొంచెం అటూఇటూ జరుపుకోవాలి. నడిచేటప్పుడు కెమెరా ఊగే సెట్టింగ్ ఉంటే అదీ ఆపండి. గేమ్‌లు తమకు పడవని వదిలేసిన వాళ్లలో కొందరు ఈ రెండు మార్పులతో హాయిగా ఆడగలుగుతారు.

తర్వాత ఫ్రేమ్ రేట్, అంటే కార్డ్ సెకనుకు గీసే బొమ్మల సంఖ్య. ఎప్పుడూ నిలకడగా ఉండే 60, క్షణానికోలా 90కీ 50కీ మధ్య ఊగేదానికంటే ఎంతో మేలు. జీ-సింక్ లేదా ఫ్రీసింక్ (స్క్రీన్ వేగాన్ని కార్డ్ వేగంతో కలిపి నడిపేవి) ఉన్న మానిటర్ అయితే దాన్ని ఆన్ చేసి, గరిష్ఠ ఫ్రేమ్ రేట్‌ను రిఫ్రెష్ రేట్ కంటే మూడు, నాలుగు తక్కువకు కట్టేయండి. 144 హెర్ట్జ్‌కు 140 అనుకోండి. బొమ్మ మధ్యలో చీలదు, ఫ్యాన్ల మోత కూడా తగ్గొచ్చు.

కార్డ్ చాలడం లేదనిపిస్తే ముందు షాడోస్ ఒక మెట్టు తగ్గించండి. అల్ట్రాకూ హైకీ మధ్య తేడా ఆడేటప్పుడు కంటికి పెద్దగా ఆనదు, బరువు మాత్రం బాగా దిగుతుంది. టెక్స్చర్స్ (వస్తువుల ఉపరితలాల మీద కనిపించే వివరాలు) తగ్గించడం చివరి మాట. కార్డ్‌లో మెమరీ సరిపోయినంతవరకు అవి వేగాన్ని పెద్దగా తినవు. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్‌ను (బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేయడం) క్వాలిటీ మోడ్‌లో వాడటం మంచి పనే. అసలు ఫ్రేమ్‌ల మధ్య కొత్తవి పుట్టించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ దగ్గరే నా అభ్యంతరం. అంకె రెట్టింపైనట్టు కనిపిస్తుంది కానీ మధ్యలో పుట్టించిన ఫ్రేమ్‌కు మీ చేతి కదలికతో సంబంధం ఉండదు, పైగా ఆలస్యం పెరుగుతుంది. అసలు వేగం 30 ఉన్న చోట దాన్ని ఆన్ చేస్తే చూడ్డానికి నున్నగా, ఆడటానికి జిగురుగా ఉంటుంది. అసలు వేగమే 60 దాటి ఉంటే, నిదానంగా సాగే గేమ్‌లలో వాడుకోండి.

ఇవన్నీ చేసినా గేమ్ నడవకపోతే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. అందుకే ఈ పరీక్షలన్నీ మొదటి గంటలోనే పూర్తి చేయాలి.

6. నెట్, నోటిఫికేషన్లు, ఫైళ్లు

ఆన్‌లైన్ గేమ్‌కు వైఫై కంటే కేబుల్ మేలు. కేబుల్ లాగే వీల్లేకపోతే 2.4 గిగాహెర్ట్జ్ వదిలి 5కి మారండి, గోడలు అడ్డం లేనంతవరకు అది నయం. ఇంట్లో ఎవరో వీడియో అప్‌లోడ్ చేసినప్పుడల్లా పింగ్ (గేమ్ సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం) పెరుగుతుంటే రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ముందు నెట్ ఇవ్వాలో నిర్ణయించే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి.

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ ఉంటాయి. మీకు తెలిసి, రోజూ వాడేవి తప్ప మిగతావి డిసేబుల్ చేయండి. నోటిఫికేషన్లలో మనుషులు పంపేవి ఉంచండి, యాప్‌లు తమ గురించి తాము చెప్పుకునేవి ఆపేయండి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఇది దాగి ఉంటే "ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్‌ఈ" అనే ప్రోగ్రామ్ కూడా మామూలు ఫొటో పేరుతోనే కనిపిస్తుంది. నొక్కితే ఫొటో తెరుచుకోదు, ప్రోగ్రామ్ నడుస్తుంది. విండోస్ కీ, వి కలిపి నొక్కి క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసుకుంటే ఇంతకుముందు కాపీ చేసినవి కూడా లిస్టులో దొరుకుతాయి.

చివరగా బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లకు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే చోట. అన్ని గేమ్‌ల సేవ్‌లూ క్లౌడ్‌లోకి వెళ్లవు, స్టోర్ పేజీలో క్లౌడ్ గుర్తు ఉందో లేదో చూసి, లేనివాటి సేవ్ ఫోల్డర్‌ను కూడా ఇందులో కలపండి. బ్యాకప్ అయ్యాక ఏదో ఒక ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ మీదికి వెనక్కి తెచ్చి, లోపలి ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.