సాంటొరీనిలో మూడు రోజులు: అగ్నిపర్వతాన్ని బట్టి వేసుకోవలసిన ప్రణాళిక

గ్రీసు ద్వీపమైన సాంటొరీనికి వెళ్లేవారిలో చాలామంది తెల్లని ఇళ్లు, నీలి గుమ్మటాల ఫొటోలు చూసి బయలుదేరతారు. ఆ ఇళ్లు దేని అంచున నిలిచి ఉన్నాయో కూడా తెలుసుకుని వెళ్తే, మూడు రోజుల్లోనే ఆ ద్వీపం ఎంతో అర్థమవుతుంది. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో జరిగిన మహా విస్ఫోటనంలో శిలాద్రవం పైకి చిమ్మి భూగర్భం ఖాళీ కావడంతో, పైనున్న నేల కుంగి, ఆ గోతిలో సముద్రం నిండింది. కాల్డెరా అంటే ఆ గొయ్యే. ఫిరా, ఇమెరోవిగ్లి, ఇయా అనే ఊళ్లు దాని అంచు వెంట వరుసగా ఉన్నాయి.

మే నెల, జూన్ మొదటి వారాలు గానీ, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు గానీ ఎంచుకోండి. జూలై, ఆగస్టు నెలల్లో ఎండతోపాటు రద్దీ కూడా తీవ్రంగా ఉంటుంది. మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీచే రోజుల్లో ఓడలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. షెన్గెన్ వీసా (గ్రీసుతో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) అవసరమైనవారు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఏథెన్స్ నుంచి విమానంలో గంటలోపే చేరుకోవచ్చు. అయినా, వెళ్లేటప్పుడైనా పిరెయస్ రేవు నుంచి పగటి ఓడ ఎక్కమని నా సలహా. ఓడను బట్టి 5 నుంచి 8 గంటలు పట్టినా, కాల్డెరాలోకి ప్రవేశించేటప్పుడు నిలువు కొండచరియల మీద నలుపు, ఎరుపు, బూడిద రంగుల్లో ఒక్కో విస్ఫోటనం మిగిల్చిన పొర విడివిడిగా కనిపిస్తుంది. బస ఫిరాలో చూసుకోండి. ద్వీపంలోని బస్సులన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి కాబట్టి కారు అద్దెకు తీసుకోవలసిన పని ఉండదు.

మొదటి రోజు ఉదయాన్నే, గుంపులు చేరకముందే అక్రోతిరికి వెళ్లండి. ద్వీపంలో ఒక్కచోటే చూసే వీలున్నా నేను దీన్నే ఎంచుకుంటాను. విస్ఫోటనపు బూడిద కింద పూడిపోయిన ఈ కాంస్యయుగపు పట్టణాన్ని 1967లో స్పిరిడాన్ మరినాటోస్ తవ్వించడం మొదలుపెట్టారు. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వీధుల కింద మురుగు కాలువలు, నిల్వ జాడీలు నేటికీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక ఇంటి రాతి మెట్లను ఆగి చూడండి: భూకంపం ధాటికి ప్రతి మెట్టూ సరిగ్గా నడిమికి విరిగి ఉంటుంది. కొయ్య మంచాలు కుళ్లిపోయినా, బూడిదలో వాటి ఆకారంలో మిగిలిన ఖాళీలను ప్లాస్టరుతో నింపి ఆ మంచాల రూపాన్ని తిరిగి రాబట్టారు. ఇళ్లలో మనుషుల అస్థిపంజరాలు దొరకకపోవడాన్ని బట్టి, ఆ భూకంపాల హెచ్చరికతో ప్రజలు ముందే ఊరు విడిచారని పరిశోధకులు భావిస్తున్నారు. అక్కడి గోడలపై ఉండిన చిత్రాల్లో కొన్ని ఫిరాలోని ప్రాగైతిహాసిక మ్యూజియంలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే వాటిని చూస్తే, చిత్రాల్లోని నీలి కోతులు ఏ ఊరి గోడలవో మనసులో మెదులుతూ ఉంటుంది.

తిరిగి వచ్చే దారిలో ద్రాక్షతోటల వద్ద ఆగడం మరవకండి. ఇక్కడి తీగలు పందిళ్ల మీద పాకవు. వాటిని నేలమీదే గుండ్రంగా బుట్టలా చుడతారు, గుత్తులు గాలికి దెబ్బతినకుండా ఆ బుట్ట లోపల పండుతాయి. వానలు తక్కువైనా, రాత్రి సముద్రం మీది నుంచి వచ్చే తేమను నురుగురాతి నేల పట్టి ఉంచడం వల్ల తీగలు బతుకుతాయి.

రెండో రోజు ఫిరా నుంచి ఇయా వరకు అంచు వెంట నడవండి. సుమారు 10 కిలోమీటర్ల దారి. మూడు నాలుగు గంటలు పడుతుంది. నీడ లేదు కనుక సూర్యోదయానికే బయలుదేరి, నీళ్లు వెంట తీసుకువెళ్లండి. ఇయా కోట దగ్గర సూర్యాస్తమయం కోసం జనంలో నలిగిపోవడం కంటే, సాయంత్రానికి ఇమెరోవిగ్లికి వస్తే అదే దృశ్యాన్ని ప్రశాంతంగా చూడవచ్చు.

మూడో రోజు పడవలో నియా కమేనికి వెళ్లండి. కాల్డెరా నడుమ లావా పేరుకుని ఏర్పడిన ఈ దీవి చివరిసారి 1950లో బద్దలైంది. నేటికీ కొన్ని పగుళ్ల నుంచి వేడి ఆవిరి వస్తుంది. దారి పొడవునా వదులు రాళ్లే కాబట్టి బూట్లు తప్పనిసరి. పక్కనున్న పలియా కమేని వేడినీటి ఊటల్లో దిగాలంటే పడవ నుంచి చల్లని సముద్రంలోకి దూకి ఈదాలి. ఈత రానివారు పడవలోనే ఉండాలి. ఆ తుప్పురంగు నీరు లేతరంగు బట్టలకు మరకలు చేస్తుంది. పడవ ఫిరా కింది పాతరేవుకు తిరిగి వస్తే, ఊళ్లోకి ఎక్కడానికి గాడిదలను కాక కేబుల్ కారును వాడండి. దాదాపు 600 మెట్ల మీద ఎండలో బరువు మోసే ఆ జంతువుల శ్రమకు మనం కారణం కానక్కరలేదు.

ఈ అగ్నిపర్వతం ఆరిపోలేదు. 2025 ఆరంభంలో వరుస భూకంపాల వల్ల వేలమంది ద్వీపం విడిచి వెళ్లారు. బయలుదేరే ముందు గ్రీసు పౌర రక్షణ శాఖ ప్రకటనలు చదవండి. భూమి కంపిస్తే కొండ అంచులకు, ఏటవాలు చరియల కింది తీరాలకు దూరంగా వెళ్లండి. అత్యవసర సహాయానికి 112కు ఫోన్ చేయాలి. తిరుగు ప్రయాణం ఓడలో అయితే, ఏథెన్స్ నుంచి మీ విమానానికి ఒక రోజు ముందే ద్వీపం నుంచి బయలుదేరండి.