నల్లరేగడి పెరట్లో రబీ ఉల్లి: సమస్య - పరిష్కారం

అక్టోబరులో నారు పోసి, డిసెంబరు నాటికి నాటుకునే ఉల్లికి ఎర్రనేలల్లో ఇన్ని తిప్పలుండవు. ఉల్లి వేర్లు పైపైనే, జానెడు లోతులోనే ఉంటాయి. రేగడి నీటిని పట్టుకు కూర్చునేదీ అక్కడే. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు మట్టిని చూడాలి, ఎరువు సంచిని తర్వాత.

ఆకుల కొనలు పసుపెక్కి, మొక్క ఎదగడం లేదు

చాలామంది వెంటనే యూరియా చల్లేస్తారు. ఆగండి. ఒక మొక్కను పీకి చూడండి. మట్టి జిగటగా అంటుకుని, వేర్లు గోధుమరంగులో మెత్తగా వస్తే గాలాడక దెబ్బతిన్నట్టే. ఎరువు వేసినా తీసుకునే వేరే లేదక్కడ. తడి ఆపి, కాలువ తీసి నీటిని బయటికి పంపండి. పైన కట్టిన పెచ్చును చిన్న పారతో మెల్లగా కదపండి. కొత్త ఆకు వచ్చాకే ఎరువు మాట.

వేర్లు తెల్లగా, గట్టిగా ఉండి, ముందు పాత ఆకులే పాలిపోతుంటే అప్పుడు నత్రజని లోపం అనుకోవచ్చు. ఆకుల మీద వెండిరంగు చారలుంటే అది తామర పురుగుల (ఆకు రసం పీల్చే సన్నటి పురుగుల) పని. వేప నూనె పిచికారీతో మొదలుపెట్టండి.

వచ్చే ఏడు 15 సెంటీమీటర్ల ఎత్తు మళ్ళు కట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. నాలుగు తట్టల ఇసుక పోస్తే రేగడి గుల్లబారుతుందనేది ఉత్త ఆశ. తవ్వడం కూడా పదునులోనే. తడి మీద తవ్వితే ఎండాక అన్నీ రాళ్ళలాంటి మట్టిగడ్డలే.

గడ్డ అడుగు మెత్తబడి, తెల్లని బూజు పట్టింది

అడుగు కుళ్ళు తెగులు. ఆ మొక్క ఇక బాగుపడదు. పీకి దూరంగా పారేయండి, కంపోస్టు గుంటలో వేయకండి. మూడు నాలుగేళ్ళు ఆ మడిలో ఉల్లి, వెల్లుల్లి వద్దు.

గడ్డ ఊరకముందే పూకాడ వచ్చింది

ముదురు నారు నాటాక చలి తగిలితే ఇలా అవుతుంది. ఖరీఫ్ రకాన్ని రబీలో వేసినా అంతే. కాడ విరిచేసినా గడ్డ సరిగ్గా ఊరదు, లేతగా ఉండగానే కూరలోకి కోసుకోండి. ఈసారి ఆరేడు వారాల నారే నాటండి. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి లాంటి రబీ రకాలు తీసుకోండి. చలిదేశాల విత్తనాల ప్యాకెట్లు ఫొటోలో ఎంత బాగున్నా వద్దు. వాటిలో చాలా రకాలకు గడ్డ ఊరాలంటే 14 గంటలకు పైగా పగలు కావాలి, అది మనకు లేదు.

జంట గడ్డలు, లావు మెడలు

నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, ఒక్కసారిగా మడి నింపితే గడ్డ రెండుగా చీలుతుంది. కొద్దికొద్దిగా, వరస తప్పకుండా తడులివ్వండి. మెడ లావెక్కడానికి సాధారణ కారణం ఆలస్యంగా వేసిన యూరియా. నాటిన 45 రోజుల తర్వాత ఇక వేయొద్దు. తవ్వడానికి పది, పదిహేను రోజుల ముందు నీళ్ళు ఆపేసి, సగం కాడలు వాలాక తీయండి. లావు మెడవి నిల్వ ఉండవు, వాటిని వేరు చేసి ముందుగా వాడేయండి.