చెప్పకుండా అమ్మకానికి వచ్చినవాళ్ళతో గుమ్మంలో ఎలా మాట్లాడాలి

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో మధ్యాహ్నం పూట, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉండే వేళ చూసుకుని, భుజాన బ్యాగుతో ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడుతూనే ఉంటారు. ముందు ఒడియాలో "మావుసీ" అని పిలుస్తారు, లోపల తెలుగు మాటలు వినపడగానే తెలుగులోకి దిగిపోతారు, మన భాష మాట్లాడుతున్నాడు కదా అని మనం గ్రిల్ గేటు తీసేస్తాం. తీయకండి. ఏం మాట్లాడాలన్నా గేటుకి ఇవతల నుంచే మాట్లాడొచ్చు. అలాగని కసురుకోవద్దు, కమీషన్ కోసం ఎండలో తిరిగే పిల్లలే చాలామంది, మంచినీళ్ళు అడిగితే గ్రిల్ సందులోంచి ఇవ్వండి.

మొదట ఐడీ కార్డు అడగండి. డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల (కొట్టు లేకుండా, మనుషుల ద్వారా నేరుగా అమ్మే కంపెనీల) తరఫున వచ్చేవాళ్ళు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా మన అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదని కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. కొనే ఉద్దేశం లేకపోతే "వద్దు బాబూ" అని ఒక్కసారి చెప్పి తలుపు వేసేయండి, కారణాలు చెప్పడం మొదలుపెడితే ప్రతి కారణానికీ వాళ్ళ దగ్గర ఒక సమాధానం ఉంటుంది.

ఇక నీళ్ళు శుద్ధి చేసే మిషన్ అమ్మేవాళ్ళ సంగతి. మా అమ్మ దగ్గర చేసిందీ ఇదే. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో మన బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళు తెచ్చిన ఆర్‌ఓ నీళ్ళు (ఆ మిషన్‌లో వడకట్టినవి) పోసి, రెండింట్లోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టారు. కాసేపట్లో మన నీళ్ళు తుప్పు రంగులోకి మారి తెట్టు కట్టాయి, ఇన్నాళ్ళూ పిల్లలకి ఇవా తాగించాను అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని అడ్వాన్సు తీయబోయింది. ఆ రంగు మన నీళ్ళలోని మురికి కాదు. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది, కరెంటు పారితే ఆ ఇనుమే కరిగి నీళ్ళలో కలుస్తుంది. లవణాలున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు చాలా తక్కువ కాబట్టి పెద్దగా పారదు, అంతే తేడా. ఆ రెండో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమనండి, అదీ అదే రంగుకి వస్తుంది. నీళ్ళలో కరిగి ఉన్న లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టి భయపెడితే, తాగునీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణమే చెబుతోంది. క్రిములు ఉన్నాయో లేవో ఆ మీటరు చెప్పదు, ఆ అనుమానం ఉంటే కాచి తాగండి, ల్యాబులో పరీక్ష చేయించండి. మిషన్ నిజంగా కావాలంటే కొట్టుకెళ్ళి, నాలుగు చూసి కొనుక్కోవచ్చు.

బంగారానికి మెరుగు పెడతామన్న వాళ్ళతో మాత్రం మాటే వద్దు. ముందు ఇత్తడి చెంబో వెండి పట్టీలో తళతళలాడించి నమ్మిస్తారు, ఆ తర్వాత గాజులు అడిగి, బంగారాన్ని కరిగించే యాసిడ్‌లో ముంచి, పసుపు నీళ్ళలో పెట్టాం, కాసేపాగి తీయండి అని వెళ్ళిపోతారు. తీసి తూకం వేస్తే గ్రాములే పోయి ఉంటాయి.

గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం, పైపు మార్చకపోతే ఫైన్ అంటే, గ్యాస్ పుస్తకం మీదున్న నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి, వాళ్ళిచ్చిన నంబరుకి కాదు.

మనలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒడియాలో ఉన్న కాగితం మీద, ఇంట్లో బడికెళ్ళే పిల్లలతో చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఆధార్ ఫొటో తీయనివ్వకండి, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పకండి.

ఇప్పటికే కొనేసి ఉంటే బిల్లు పారేయకండి. వస్తువు బాగాలేక డబ్బు తిరిగి ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లోంచి డబ్బు మోసంగా పోతే మాత్రం సాయంత్రం అబ్బాయి వచ్చాక చూద్దాం అని ఆగకుండా, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.