బుజ్జి కుక్కపిల్లకి మలం ఆగిపోయిందా? ముందు తోక ఎత్తి చూడండి
పామరేనియన్, షిట్జూ, మాల్టీస్ లాంటి బొచ్చు పిల్లలు ఎంత ముక్కినా ఏమీ రాక కుయ్‌కుయ్‌మంటుంటే, మందు కోసం వెతికే ముందు తోక ఎత్తి చూడండి. చాలాసార్లు లోపల ఇబ్బందేమీ ఉండదు. ఓసారి పల్చగా వెళ్లినప్పుడు వెంట్రుకలకు అంటుకున్న మలం ఎండిపోయి, దారికి బిరడాలా బిగుసుకుని ఉంటుంది.

పొడిగా ఉండగా లాగొద్దు, చర్మం కూడా ఊడొస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డని 5–10 నిమిషాలు అద్దిపెట్టండి, చల్లారితే మళ్లీ ముంచండి. మెత్తబడ్డాక వేళ్లతో కొద్దికొద్దిగా విడదీయండి. అప్పటికీ రాని ఉండల్ని ట్రిమ్మర్‌తో తీయడం మేలు. కత్తెర తప్పదంటే చర్మానికీ ఉండకీ మధ్య దువ్వెన దూర్చి, దాని పైనుంచే కత్తిరించాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టండి. చిన్న పిల్లలు తడిస్తే ఇట్టే చల్లబడిపోతాయి. ఎర్రబడిన చోట పల్చగా వాజిలిన్ చాలు.

అక్కడ శుభ్రంగానే ఉంటే, అప్పుడు మలబద్ధకం సంగతి. పొడి తిండిని నీళ్లలో నానబెట్టి, ఏమీ కలపకుండా ఉడికించిన గుమ్మడి గుజ్జు అర చెంచా వేసి పెట్టండి. 3 వారాల లోపు పిల్లలకైతే తల్లి నాకితేనే వస్తుంది. తల్లి లేకపోతే పాలు పట్టిన ప్రతిసారీ వెచ్చటి తడి దూదితో అక్కడ మెల్లగా రుద్దాలి.

మనుషుల విరేచనాల మాత్రలూ, ఎనిమాలూ వద్దే వద్దు. ఫాస్ఫేట్ ఎనిమా చిన్న కుక్క ప్రాణం తీయగలదు. మలద్వారం నుంచి దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు కోసుకుపోవచ్చు. ఆ దారం కనిపించినా, వాంతులు, ఉబ్బిన పొట్ట, తిండి మానేయడం, రోజు దాటినా ఏమీ రాకపోవడం లాంటివి ఉన్నా నేరుగా పశువుల డాక్టర్ దగ్గరికే.