జీడీబీ పైథాన్ ఇంటర్‌ఫేస్‌కి ప్యాచ్ వస్తే రివ్యూ ఎలా చేయాలి

జీడీబీ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపలేం జరుగుతోందో చూపించే డీబగ్గర్. దాంట్లో పైథాన్ స్క్రిప్టింగ్ 2009లో 7.0 వెర్షన్‌తో వచ్చింది, అప్పట్నుంచి దాని మీద ఎవరెవరు ఏమేం కట్టుకున్నారో లెక్కే లేదు. జీసీసీ కంపైలర్‌తో వచ్చే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ప్రెట్టీ ప్రింటర్లు (డేటాని చదవగలిగేలా చూపించే స్క్రిప్టులు), లినక్స్ కెర్నల్ సోర్స్‌లో ఉండే జీడీబీ స్క్రిప్టులు, ఇవి కాక ఆఫీసుల్లో ఎవరో రాసి వెళ్ళిపోయాక ముట్టుకోవడానికి అందరూ భయపడే స్క్రిప్టులు. కాబట్టి ఈ కోడ్‌కి ప్యాచ్ (ఎవరో పంపిన మార్పు) వస్తే డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపించేది) పైనుంచి కిందకి చదివేసి "బాగుంది" అనేయడం కుదరదు. నేను మొదట్లో అదే చేశా, దెబ్బ కూడా తిన్నా, అది కింద చెప్తా.

ముందు సీ ప్లస్ ప్లస్ కోడ్ ఓపెన్ చేయకండి, మాన్యువల్‌లో మార్చిన పేరా చదవండి. కొత్త మెథడ్ ఏం ఇస్తుంది, ఎప్పుడు నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు" అనే విలువ) ఇస్తుంది, ఎప్పుడు ఎర్రర్ వేస్తుంది, ఈ మూడూ అక్కడ దొరకాలి. దొరకలేదంటే చాలాసార్లు రాసినాయనకే ఇంకా క్లారిటీ లేదని అర్థం, కోడ్ చదివే ముందే అడిగేయండి. పేరు దగ్గర మొహమాటపడొద్దు, రిలీజ్‌లోకి వెళ్ళాక పేరు మార్చామంటే ఎవరిదో స్క్రిప్ట్ విరుగుతుంది. ఆర్గ్యుమెంట్లు రెండు దాటితే కీవర్డ్‌తో కూడా పిలవగలిగేలా ఉందా చూడండి, రేపు ఇంకోటి చేర్చాల్సొస్తే అదే కాపాడుతుంది. న్యూస్ ఫైల్‌లో (రిలీజ్‌లో కొత్తగా ఏమొచ్చాయో రాసేది) ఎంట్రీ ఉండాలి. డాక్యుమెంటేషన్ భాగానికి వేరే అప్రూవల్ కావాలి, కోడ్ చూసినవాళ్ళు ఓకే అంటే సరిపోదు.

ఇప్పుడు కోడ్. ఫంక్షన్‌లో ఉన్న ప్రతి రిటర్న్ స్టేట్‌మెంట్ వెతకండి, ముఖ్యంగా ఫెయిలైనప్పుడు బయటకొచ్చేవి, ఎందుకంటే అన్నీ సవ్యంగా జరిగే దారి రాసినాయన ఎలాగూ పదిసార్లు రన్ చేసుంటాడు, ఫెయిలయ్యే దారి చాలాసార్లు ఎవరూ రన్ చేసుండరు. ఒక్కో రిటర్న్ దగ్గర ఆగి, ఈ క్షణంలో చేతిలో ఏ ఆబ్జెక్టులున్నాయి, ఏవి మనవి, ఏవి అరువువి అని లెక్క చూసుకోండి. పైథాన్ ఒక్కో ఆబ్జెక్ట్‌ని ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెడుతుంది, ఆ ఒక్కో పట్టే రిఫరెన్స్. లిస్ట్‌లోంచో టపుల్‌లోంచో గెట్‌ఐటమ్‌తో తీసింది పక్కింటి గిన్నె లాంటిది, మనం పారేయకూడదు. లిస్ట్, టపుల్ సెట్‌ఐటమ్ మాత్రం మనం ఇచ్చినదాన్ని తనదే చేసుకుంటుంది, ఫెయిలైనా సరే. లిస్ట్ అపెండ్ అలా కాదు, తన కోసం ఇంకో రిఫరెన్స్ పెంచుకుంటుంది, మనది మన దగ్గరే ఉంటుంది. జీడీబీలో రిఫరెన్స్‌ని వాటంతటవే వదిలేసే స్మార్ట్ పాయింటర్లు ఉన్నాయి కానీ వాటి మీద రిలీజ్ (ఇక దీన్ని వదిలే బాధ్యత నీది కాదని చెప్పడం) అని పిలవడం సెట్‌ఐటమ్ దగ్గర మర్చిపోతే రెండుసార్లు వదిలినట్టు, అపెండ్ దగ్గర అనవసరంగా పిలిస్తే లీక్ (ఎవరూ వదలని మెమరీ మిగిలిపోవడం). నేను వదిలేసింది సరిగ్గా ఈ రెండోదే, ప్రోగ్రామ్ ఆగిన ప్రతిసారీ ఒక ఆబ్జెక్ట్ మిగిలిపోతూ ఉండేది, సెషన్ చిన్నదైతే అసలు తెలీదు.

ఇంకో మాయ ఉంది. పైథాన్ 3.12 నుంచి నన్ అనేది ఇమ్మోర్టల్, దాని రిఫరెన్స్ కౌంట్ కదలదు. అంటే నన్ విషయంలో తప్పు చేసినా కొత్త పైథాన్‌తో బిల్డ్ చేసుకున్నవాళ్ళకి ఏమీ కనిపించదు, పాత పైథాన్ ఉన్నవాడి మెషీన్‌లో క్రాష్ కావచ్చు. అందుకే నేను 3.12 కన్నా పాతదాంతో కూడా ఒకసారి బిల్డ్ చేస్తా.

తర్వాత ఎక్సెప్షన్లు, ఇక్కడ రెండు ప్రపంచాలు. జీడీబీ లోపలి ఫంక్షన్లు సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్ విసురుతాయి, అది పైథాన్ ఇంటర్‌ప్రెటర్ సీ కోడ్ మీదుగా దూకి పోకూడదు. మెమరీ చదివే, సింబల్ వెతికే, టైప్ లెక్కగట్టే ఏ కాల్ అయినా ట్రై బ్లాక్‌లో ఉండి, క్యాచ్‌లో పైథాన్ ఎర్రర్‌గా మారి, నల్ (ఖాళీ పాయింటర్) వెనక్కి వెళ్ళాలి. ఉల్టా కేసు కూడా చూడండి, పైథాన్ కాల్ ఫెయిలై ఎర్రర్ సెట్ అయ్యాక కూడా కోడ్ పట్టించుకోకుండా ముందుకెళ్ళి మామూలు విలువ ఇచ్చేస్తే, ఆ ఎర్రర్ ఇంకెక్కడో సంబంధంలేని చోట పేలుతుంది. అట్రిబ్యూట్ సెట్టర్లలో ఒక చిన్నది: ఎవరైనా డెల్ అని కొడితే సెట్టర్‌కి నల్ వస్తుంది, దానికి చెక్ ఉందా?

ఇక ఆయుష్షు సంగతి. స్క్రిప్ట్ ఒక ఫ్రేమ్ (నడుస్తున్న ఒక ఫంక్షన్ కాల్) ఆబ్జెక్ట్ పట్టుకుని కూర్చుంటుంది, ఈలోగా ప్రోగ్రామ్ కంటిన్యూ అయిపోతుంది, ఆ ఫ్రేమ్ ఇక ఉండకపోవచ్చు. అందుకే జీడీబీ ఫ్రేమ్ ఆబ్జెక్ట్‌లో పాయింటర్ కాకుండా ఫ్రేమ్ ఐడీ దాస్తుంది, ప్రతి మెథడ్ మొదట్లో అది ఇంకా బతికుందా అని చూస్తుంది. కొత్త మెథడ్‌లో ఆ చెక్ లేకపోతే ప్యాచ్ వెనక్కే. చెక్ ఉన్నా సరే, ఆ తర్వాత మధ్యలో ఎక్స్‌ప్రెషన్ ఎవాల్యుయేట్ చేస్తే అది డీబగ్ అవుతున్న ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్‌నే పిలవొచ్చు, అప్పుడు ముందు తీసుకున్న పాయింటర్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. వాల్యూ ఆబ్జెక్టులు చాలాసార్లు లేజీ, తయారైనప్పుడు కాదు, వాడినప్పుడు మెమరీ చదువుతాయి, కాబట్టి చెడ్డ అడ్రస్‌తో టెస్ట్ రాస్తే వాల్యూని నిజంగా వాడే దాకా రాయమనండి.

టెస్టులు మీరే రన్ చేయండి. ముందు ప్యాచ్‌తో, తర్వాత సీ ప్లస్ ప్లస్ మార్పు తీసేసి టెస్ట్ ఒక్కటే ఉంచి. తీసేసినా పాసైతే ఆ టెస్ట్ దేన్నీ పరీక్షించట్లేదు. పైథాన్ లేకుండా కాన్ఫిగర్ చేసి ఒకసారి బిల్డ్ చేయండి, అలా కూడా కంపైల్ అవ్వాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు.

కామెంట్లు రాసేటప్పుడు తప్పక మార్చాల్సినవి ఒకవైపు, స్పేసులూ కామాలూ ఇంకోవైపు పెట్టండి, లేకపోతే అవతలాయన పది స్పేసులు సరిచేసి అసలు లీక్ వదిలేసి రెండో వెర్షన్ పంపిస్తాడు. చివర్లో మీరు మెయింటెయినర్ కాకపోతే రివ్యూడ్-బై ట్యాగ్ ఇవ్వండి, అప్రూవ్డ్-బై ఇచ్చే హక్కు వాళ్ళకే.